ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీసే యూనిట్‌లో వాటా తీసుకోవచ్చా?

ప్రశ్న: అన్నలూ, మా బావగారి ఫ్రెండ్ ఒకాయన పాత కవర్లు కరిగించి డీజిల్ తీసే యూనిట్ పెడుతున్నారు. ఏదో కెటలిస్ట్ (చర్యను వేగం చేసే పదార్థం) వేస్తే కిలోకి లీటరు వస్తుందట. డెమోలో తీసిన నూనె బైక్‌లో పోసి నడిపి చూపించారు. వాటా తీసుకోమని బావ ఒకటే పోరు. ఇది మోసమా?

జవాబు: సైన్సులో మోసం లేదు తమ్ముడూ. గాలి తగలకుండా 400–500 డిగ్రీల వేడి పెడితే కవర్లలోని పాలిథీన్ పొడవాటి అణువుల గొలుసులు తెగి నూనె, గ్యాస్ అవుతాయి. జియోలైట్ అనే ఖనిజం లాంటి కెటలిస్ట్ ఉంటే ఇంకాస్త తక్కువ వేడి చాలు. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీలో, ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి 2019లో రోజుకు టన్ను ప్లాస్టిక్ పట్టే ఇలాంటి ప్లాంటు పెట్టారు. లీటరు నూనె 800 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది కాబట్టి కిలోకి లీటరు కూడా మరీ గాలి మాట కాదు. కాకపోతే అది శుభ్రమైన, పొడి పాలిథీన్‌తో వచ్చే లెక్క. డెమోలో ఏం వేశారో చూశావా?

ఊరి చెత్త వేరు. అందులో పీవీసీ ముక్కలు పడితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి పుట్టి ఇనుమును తినేస్తుంది. నీళ్ల బాటిళ్లు చేసే పెట్ అనే ప్లాస్టిక్ అయితే నూనె సంగతి అటుంచి, తెల్లటి పొడిలా పైపుల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. కెటలిస్ట్‌కి మసి పట్టిందా, కాల్చి శుభ్రం చేయాలి, లేదా కొత్తది కొనాలి. ఏరడం, కడగడం, ఆరబెట్టడం... డబ్బంతా పోయేది అక్కడే.

మరొకరు: నాకు అనుమానం ఆ బైక్ దగ్గరే. డీజిల్ అని చెప్పి పెట్రోల్ బండి నడిపారంటే అందులో పెట్రోల్ లాంటి తేలిక భాగం బాగానే ఉందన్నమాట. దాన్ని విడగొట్టకుండా డీజిల్‌గా అమ్మితే ఇట్టే అంటుకుంటుంది, ప్రమాదం. బీఎస్-6 (వాహన కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం, అంటే పది లక్షల్లో పది వంతులు, దాటకూడదు, ఇంకా బోలెడు పరీక్షలున్నాయి. ఇలాంటి నూనె మామూలుగా బాయిలర్లకు, ఫర్నేసులకు పోతుంది. ఆ రేటుతో లాభం లెక్క కట్టమను.

ప్రశ్న: మరి ఆయన్ని ఏం అడగాలి?

జవాబు: నెల రోజులు ఆపకుండా నడిపిన రికార్డు. ఎంత చెత్త కొన్నారు, ఏరాక ఎంత మిగిలింది, ఎంత నూనె అమ్మారు, ఎవరికి, బిల్లులతో సహా. కరెంటు బిల్లు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. ల్యాబ్ రిపోర్టు తెస్తే శాంపిల్ ఎవరు తీశారో కూడా అడుగు.

ప్రశ్న: ఇప్పుడే ఫోన్ చేశా. ప్లాంటు ఇంకా కట్టలేదట, వాటాల డబ్బుతోనే కడతారట.