మంటకి స్టీరాయిడ్ ట్యూబా, బెంజిడమైనా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, 53 ఏళ్లు):
అక్కలూ, మొహమాటం లేకుండా అడిగేస్తున్నా. ముట్లాగి చాన్నాళ్లయింది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి యోని దగ్గర ఒకటే మంట, మూత్రానికెళ్తే చురుక్కుమంటోంది. మందుల షాపులో అడిగితే క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫైన్ నాలుగూ కలిపిన ట్యూబిచ్చారు. రాసినన్నాళ్లు హాయి, ఆపితే మళ్లీ మొదలు. మా తోడికోడలేమో ఇటలీ నుంచి కూతురు తెచ్చిన బెంజిడమైన్ పొడి నీళ్లలో కలిపి కడుక్కోమంటోంది. ఏది మంచిది?

జవాబు (గాజువాక, రిటైరయిన ఫార్మసిస్టుని):
వదినగారూ, ముందా ట్యూబు పక్కన పెట్టండి. క్లోబెటసాల్ బాగా ఘాటు స్టీరాయిడ్. మంటని నొక్కేస్తుంది, ఎందుకు మండుతోందో దాని జోలికి పోదు. ఫంగస్ ఉంటే దాని చాటున దర్జాగా పెరుగుతుంది, చర్మమూ పలచబడుతుంది. బయటి చర్మం మీద తెల్లమచ్చలు పడే లైకెన్ స్క్లెరోసస్‌కి డాక్టర్లు అదే రాస్తారు, నిజమే. లోపలి వాపుల్లో డెస్క్వమేటివ్ వెజైనైటిస్ అని ఒకటుంది, దానికి హైడ్రోకార్టిసోన్ గానీ 2% క్లిండమైసిన్ క్రీము గానీ ఇస్తారు. అదీ స్రావాన్ని మైక్రోస్కోపు కింద చూశాకే.

బెంజిడమైన్ స్టీరాయిడ్ కాదు. వాపు తగ్గిస్తుంది, కాస్త తిమ్మిరెక్కిస్తుంది. ఉపశమనం వరకే. మన దగ్గర గొంతునొప్పికి పుక్కిలించే మందు అదే, అలాగని ఆ సీసా తెచ్చి అక్కడ వాడేరు!

తెల్లబట్ట ఉందా? విరిగిన పెరుగులా ఉందా, చేపల వాసనా?

జవాబు (సీతమ్మధార):
నాకు షుగరుంది. దురదొస్తే ప్రతిసారీ ఫంగసే తేలేది. క్లోట్రిమజోల్ మాత్రలు లోపల పెట్టుకుంటే తగ్గింది గానీ, షుగరు అదుపులోకొచ్చాకే తిరగబెట్టడం ఆగింది. ఓసారి చూపించుకోండి.

అడిగినావిడ:
తెల్లబట్టా లేదు, వాసనా లేదు. ఎండిపోయినట్టుంటుంది. షుగరు లేదు. రోజూ డెటాల్ నీళ్లతో కడుగుతున్నా.

గాజువాక:
ఆ డెటాల్ ఈరోజే మానండి, మామూలు నీళ్లు చాలు. మీరు చెప్పేది వింటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి లోపలి పొర పలచబడినట్టుంది. అదే అయితే ఎస్ట్రియాల్ (ఒకరకం ఈస్ట్రోజన్) క్రీము ఇస్తారు: మొదట రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము కేన్సర్ వచ్చినా, ముట్లాగాక రక్తం కనిపించినా ముందే చెప్పాలి. మన విశాఖ గోషాసుపత్రిలో (ఆడవాళ్ల సర్కారు ఆసుపత్రి) ఓపీకి వెళ్లండి, మూత్ర పరీక్ష కూడా అడగండి. ఈలోగా లోపల ఏ క్రీమూ పెట్టకండి, స్వాబులో (దూదిపుల్లతో స్రావం తీసి చేసే పరీక్షలో) సరిగా తేలదు. వాడిన ట్యూబు మాత్రం పట్టుకెళ్లండి.