వంపే లేని తీరంలో మద్రాసు ఎందుకు పుట్టింది?

పాతపటాలు: బొంబాయికి, సిడ్నీకి ఓడలు దాక్కునే చోటు ఉంది. మన చెన్నై తీరం మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. మరి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఈ ఇసుకపర్రనే ఎందుకు అడిగాడు? సరుకు ఎలా దింపేవారు?

కోరమాండల్_కబుర్లు: ఆయన రేవు కోసం రాలేదండీ, గుడ్డ కోసం వచ్చాడు. పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613లోనే గెల్డ్రియా కోట కట్టేసుకున్నారు. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్ళకు గోల్కొండ అధికారులతో రోజూ పేచీ. 1626లో తెరిచిన దుర్గరాజపట్నం కొఠీకి (వ్యాపార కేంద్రానికి) నేత బట్ట సరిగ్గా అందలేదు. ఇక్కడి బట్ట మిగతా చోట్ల కంటే 20 శాతం చవకని డే పైవాళ్ళకు రాశాడు. పైగా ఇక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు కోట కట్టుకోనిచ్చాడు (1639 ఆగస్టు 22). ఊరికొచ్చిన చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్పదే. దక్షిణాన కూవం, పడమట ఇంకో ఏరు, తూర్పున సముద్రం. కోటకు ఇంతకన్నా ఏం కావాలి? ఓడల అవస్థ ఓడలది.

మసూలా: ఆ అవస్థ సంగతి నేను చెబుతాను. ఓడలు మైలు పైచిలుకు దూరంలోనే లంగరేసేవి. అక్కణ్ణుంచి మసూలా పడవలు. పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, లోపల అడ్డుకర్రలు ఉండవు. అడుగు నేలకు కొట్టుకున్నా పడవ వంగుతుందే గానీ పగలదు. కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూ ఉండాల్సిందే. అలలు విరిగే చోటుకు సముద్రం వైపునే ఆగి, పెద్ద అల వీపున ఎక్కి ఒక్క ఊపున ఒడ్డుకు రావాలి. ఈలోగా పడవ అలకు అడ్డం తిరిగిందా, బోల్తా. అందుకే పడ్డవాళ్ళను పైకి లాగడానికి కట్టుమరాలవాళ్ళు (దుంగలు కట్టిన తెప్పలవాళ్ళు) పక్కనే ఉండేవారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా లంగరేసి ఉండటమే గండం: 1746 అక్టోబరు తుఫానులో, అప్పుడే మద్రాసు పట్టుకున్న ఫ్రెంచివాళ్ళ నౌకలు కొన్ని మునిగిపోయాయి.

పాతపటాలు: మరి ఇప్పటి హార్బరు?

ఇసుకమేట: పూర్తిగా చేత్తో కట్టిందే. 1861లో ఇనప స్తంభాల పియర్ (సముద్రంలోకి చొచ్చుకుపోయే వంతెన) వేశారు, అదీ అలల్లోనే. 1876లో రెండు రాతి కట్టలు మొదలుపెడితే 1881 నవంబరు తుఫాను చాలా భాగం ఊడ్చేసింది. మళ్ళీ కట్టారు, కానీ ఓడలు లోపలికొచ్చే నోరు తూర్పుకే పెట్టారు. నైరుతి రుతుపవనాల అలలు ఏటా ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, అదంతా ఆ నోట్లోకి చేరేది. 1904 తర్వాత పోర్టు ట్రస్టు ఛైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తూర్పు నోరు మూయించి ఈశాన్యానికి మార్చాడు.

అడ్డుకట్టకు దక్షిణాన ఆగిన ఇసుకే మెరీనాను అంత వెడల్పు చేసింది. ఉత్తరాన మాత్రం కోత. ఒకప్పుడు కోట గోడ దగ్గరికి అలలొచ్చేవి, ఇప్పుడు దాని ముందు రాజాజీ సాలై ఉంది. ఆ రోడ్డు పాత పేరు ఫస్ట్ లైన్ బీచ్. అది చూసుకుని రాయపురం మీదుగా తిరువొత్తియూరు వెళ్ళండి, సముద్రానికి అడ్డంగా పోసిన బండరాళ్ళ గుట్టలు రోడ్డు పక్కనే కనిపిస్తాయి.