ఏపీఐ ఒప్పుకుంటోంది, బటన్ మాత్రం కనిపించట్లేదు: క్లెయిమ్ పాలసీలో తప్పెక్కడ?

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక్క బటన్ దగ్గరే ఆగిపోయాను, దయచేసి కాస్త సాయం చేయండి.

నాది బ్లేజర్ వెబ్‌అసెంబ్లీ యాప్ (బ్రౌజర్‌లోనే నడిచే డాట్‌నెట్ యాప్), లాగిన్ ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే ప్రమాణం ద్వారా. "ఎడిట్" బటన్‌ని ఆథరైజ్‌వ్యూలో (అనుమతి ఉన్నవాళ్లకే లోపలిది చూపించే కాంపోనెంట్) పెట్టి పాలసీ, అంటే అనుమతి నియమం, ఇచ్చాను. ఆ పాలసీలో ఉన్నది ఒకే ఒక్క రిక్వైర్‌క్లెయిమ్ (యూజర్‌కి ఫలానా క్లెయిమ్, అంటే లాగిన్‌తో వచ్చే ఫలానా సమాచారం, ఉండాలనే షరతు): టైప్ "పర్మిషన్", విలువ "ఎడిట్". విలువల పోలికలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా లెక్కలోకి వస్తుందని తెలుసు కాబట్టి స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూశాను. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ కూడా అయ్యాను.

వింత ఏమిటంటే, ఒకే పర్మిషన్ ఉన్న యూజర్‌కి బటన్ చక్కగా వస్తుంది. రెండోది ఇచ్చామా, మాయం! అదే పాలసీతో, అదే యూజర్‌కి సర్వర్‌లోని ఏపీఐ మాత్రం 200 (అంటే "సరే" అనే జవాబు) ఇస్తోంది. చివరికి పేజీలో క్లెయిమ్‌లన్నీ ప్రింట్ చేసి చూస్తే, రెండు పర్మిషన్లున్న యూజర్‌కి ఈ లైన్ కనిపించింది:

పర్మిషన్: ["వ్యూ","ఎడిట్"]

అంటే బ్రాకెట్లు, కోట్‌లతో సహా మొత్తం ఒకే స్ట్రింగ్. సర్వర్‌లో అవే రెండు వేర్వేరు క్లెయిమ్‌లుగా విడిపోతున్నాయి.

అకౌంట్‌క్లెయిమ్స్‌ప్రిన్సిపల్‌ఫ్యాక్టరీ (బ్రౌజర్‌లో యూజర్‌నీ అతని క్లెయిమ్‌లనీ తయారుచేసే క్లాస్) నుంచి సొంత క్లాస్ రాసి, క్రియేట్‌యూజర్‌అసింక్‌లో ఈ స్ట్రింగ్‌ని విడగొట్టాలా? లేక పాలసీలోనే రిక్వైర్‌అసర్షన్ (మనమే కోడ్‌లో రాసుకునే షరతు) పెట్టి ఆ స్ట్రింగ్ లోపల వెతకడం మేలా? నాకైతే మొదటిదే సరైనదనిపిస్తోంది, ఎందుకంటే ఇలాంటి పాలసీలు ఇంకా చాలా ఉన్నాయి. బటన్ దాచడం భద్రత కాదని తెలుసు, ఏపీఐలో తనిఖీ ఎలాగూ ఉంటుంది.

ఇంకొకటి. యూజర్ లాగిన్‌లో ఉండగానే పర్మిషన్ తీసేస్తే, స్క్రీన్‌లో పాత క్లెయిమే ఉండిపోతోంది. మళ్లీ లాగిన్ అడగకుండా దాన్ని తాజా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో చెప్పగలరా?