సంక్రాంతి వేడుకలో లాప్‌టాప్‌ల టేబుల్: ఏవి తీసుకోవాలి, ఏవి వద్దనాలి

వేడుక కమిటీ, డాలస్:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ పిల్లల కోసం ఈసారి 40 లాప్‌టాప్‌లు అనుకుంటున్నాం. ఇంట్లో ఉన్న పాతవి పట్టుకొస్తామని చాలామంది అంటున్నారు. ఊరెళ్లేవాళ్ల పెట్టెల్లో రెండేసి చొప్పున పంపేద్దామా? శ్రీకాకుళం అన్నయ్య చెప్పాలి.

శ్రీకాకుళం బృందం:
అలా వద్దమ్మా. 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడికి సుంకం లేకుండా వదిలేది ఒక్క లాప్‌టాప్, అదీ తన వాడకానికి. కార్గోలో పంపుదామంటే వాడేసిన లాప్‌టాప్‌ల దిగుమతికి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ) అనుమతి కావాలి. అక్కడి పాతవి అక్కడే, కమ్యూనిటీ కాలేజీలో చదువుకునే పేద పిల్లలకి ఇవ్వండి.

ఇక్కడి పిల్లలకి ఇక్కడి మిషన్లే చూద్దాం. హైదరాబాద్, విశాఖ ఆఫీసులు మూడు నాలుగేళ్లకోసారి లాప్‌టాప్‌లు మారుస్తాయి. మీలో చాలామంది కంపెనీలకి ఇక్కడ బ్రాంచీలున్నాయి. వేడుకలో టేబుల్ దగ్గర అడగాల్సింది ఇదే: ‘మీ కంపెనీ ఇండియా ఆఫీసులో ఐటీ సామాను ఎవరు చూస్తారు? ఒక మెయిల్ పెట్టగలరా?’

కోశాధికారి:
డబ్బు సంగతి. మన డాలస్ సంఘం ఖాతా నుంచి ఇండియాలోని ట్రస్టుకి పంపాలంటే ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది మాత్రం, ఓసీఐ (భారత సంతతి విదేశీయులకిచ్చే) కార్డున్నా, విదేశీ విరాళమే. అందుకని టేబుల్ మీద రెండు పుస్తకాలు పెట్టండి, మొదటి రోజు నుంచే విడివిడిగా రాయండి. తర్వాత విడదీయడం మహా కష్టం.

వేడుక కమిటీ, డాలస్:
సరే అన్నయ్యా. కంపెనీలవాళ్లకి ఏం చెప్పాలి? ఏ మోడల్ వరకు తీసుకోవచ్చు?

శ్రీకాకుళం బృందం:
8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్క్). ఇంతకు తగ్గితే వద్దు. ప్రాసెసర్ పేరు చూడండి: ఐ5-8250యూ అయితే విండోస్ 11 ఎక్కుతుంది, ఐ5-7200యూ అయితే మైక్రోసాఫ్ట్ లెక్కలో పనికిరాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 7200యూ లాంటి ఏడో తరానివి వస్తే కాదనక్కర్లేదు, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెడదాం. ఇన్‌స్టాల్ మెనూలో ఓఈఎం రకం ఎంచుకుంటే పేరు, పాస్‌వర్డు పిల్లలే పెట్టుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది కంపెనీ తాళం దగ్గర. విండోస్ కొత్తగా ఎక్కిస్తాం, అంతా బాగుంటుంది. వైఫై తగలగానే తెర మీద పాత కంపెనీ పేరు వచ్చి వాళ్ల ఆఫీసు మెయిల్ అడుగుతుంది. అది ఆటోపైలట్, కంపెనీలు తమ మిషన్లని మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసుకునే ఏర్పాటు. డిస్క్ ఎన్నిసార్లు తుడిచినా పోదు, ఎందుకంటే నమోదు మిషన్లో కాదు, కంపెనీ ఖాతాలో ఉంటుంది. వాళ్ల ఐటీవాళ్లే తీసెయ్యాలి. బయాస్ (మిషన్ ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డు కూడా డిస్క్ తుడిస్తే పోదు, అదీ వాళ్లే తీసెయ్యాలి. కాబట్టి మిషన్లు కదిలే ముందే సీరియల్ నంబర్ల జాబితా పంపించి, ‘ఆటోపైలట్ తీసేశాం, బయాస్ పాస్‌వర్డు తీసేశాం’ అని రాతపూర్వకంగా తీసుకోండి.

డేటా కూడా వాళ్లే తుడవాలి, మనం మళ్లీ తుడుస్తాం. హార్డ్‌డిస్క్‌కి ఎన్‌వైప్ (డిస్క్ తుడిచే ప్రోగ్రామ్) ఒక్కసారి చాలు. ఎస్‌ఎస్‌డీలో పైకి కనపడని సెల్స్‌లో డేటా మిగిలిపోతుంది కనక బయాస్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడాలి.

ఛార్జర్ లేకుండా వచ్చిన మిషన్ని సగం మిషనే అనుకోండి. గుండ్రటి పిన్ను డెల్ ఛార్జర్ మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లో లాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగినా, లోకల్ ఛార్జర్ పెట్టినా లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగం పడిపోతుంది. పిల్ల ‘మిషను స్లో’ అంటుంది, మనం ర్యామ్ మారుస్తాం. ముందు ఛార్జర్ చూడాలి.

బ్యాటరీ రిపోర్టులో మొదటి సామర్థ్యంలో 60 శాతం లేకపోతే కొత్తది వేద్దాం. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే మిషన్ ఊగినా బ్యాటరీ ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, ఈ-వేస్ట్‌వాళ్లకి ఇవ్వాలి.

40 మిషన్లకి మావైపు కావాల్సినవి: 32 జీబీ పెన్‌డ్రైవులు 4, సీఆర్2032 సెల్స్ (మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీలు) 10, అదనపు ఛార్జర్లు 6, మూడు పిన్నుల పవర్ కార్డులు 10.

విజయనగరం బృందం:
ఒక మాట కలపండి. అప్‌డేట్లన్నీ మన వైఫై మీదే పూర్తిచేసి ఇవ్వాలి. ఊళ్లో పిల్లలకి ఉండేది ఫోను హాట్‌స్పాటే, రోజు డేటా ఒక్క విండోస్ అప్‌డేట్‌కే చాలదు. హాట్‌స్పాట్‌ని ‘మీటర్డ్’గా (డేటా పొదుపుగా వాడే సెట్టింగు) పెట్టుకోవడం పంపకం రోజే చేయించి చూపిద్దాం. లిబ్రేఆఫీస్ (రిపోర్టులు రాసుకునే ఉచిత ప్రోగ్రామ్), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), తెలుగు కీబోర్డు ముందే ఎక్కించి ఉంచాలి.

ఎంపిక ప్రభుత్వ డిగ్రీ కాలేజీల అధ్యాపకులకే వదిలేద్దాం. టెక్కలి, శ్రీకాకుళం మహిళా కళాశాల ముందు. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, రిపోర్టులు ఫోన్లోనే కొడుతున్నారు. ఆఖరి ఏడాదివాళ్లకి మొదట.

స్టేజీ మీద వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడం మాత్రం వద్దండీ. పేదవాళ్లమని పదిమందిలో చెప్పించుకోవడానికి ఆ పిల్లలు రారు. సంతకం, సీరియల్ నంబరు, ఆర్నెల్ల రిపేరుకి మా ఫోను నంబరు చాలు.

వేడుక కమిటీ, డాలస్:
ఫొటోలు ఉండవు. సీరియల్ నంబర్ల పట్టిక నమూనా మీరు పంపండి అన్నయ్యా, టేబుల్ మీద అచ్చు వేసి పెడతాం.