‘గుడ్ రిడెన్స్’ అంటే పీడా విరగడేనా? గ్రీన్ డే పాట మీద చర్చ

ప్రశ్న: అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ గ్రీన్ డే పాట ‘గుడ్ రిడెన్స్’ని వీడ్కోలు సభల్లో, కాలేజీ చివరి రోజుల్లో వేస్తుంటారు. నిఘంటువు చూస్తే ‘పీడ వదిలింది’ అని ఉంది. అంత మెత్తటి పాటకి ఆ పేరేంటి? తెలుగులో ఏమనాలి?

జవాబు: నిఘంటువు చెప్పింది నిజమేనండి. పేరు కోపంతో పెట్టిందే. పాట రాసిన బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని వదిలి అతని ప్రియురాలు ఈక్వడార్ వెళ్ళిపోయింది. పాటలో పెద్దమనిషిలా సర్దుకుపోయాడు, ఉడుకంతా పేరులో కక్కేశాడు. ‘డూకీ’ ఆల్బమ్ రికార్డింగ్ నాటికే ఈ పాట ఉంది. మిగతా పాటల హోరులో ఇమడదని పక్కన పెట్టారు. 1994లో ‘డూకీ’ వచ్చి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గిల్‌మన్ వీధి క్లబ్బులో వాయించుకునే కుర్రాళ్ళని ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. పెద్ద రికార్డు కంపెనీతో చేతులు కలిపారని ఆ క్లబ్బే వాళ్ళని లోపలికి రానివ్వలేదు! ఈ పాట మాత్రం 1997లో ‘నిమ్‌రాడ్’ దాకా ఏ ఆల్బమ్‌లోకీ ఎక్కలేదు. ఒక అకౌస్టిక్ గిటార్, వెనక వయొలిన్లు, అంతే. డ్రమ్స్ లేవు.

రికార్డు మొదటి క్షణాలు జాగ్రత్తగా వినండి. గిటార్ ఎత్తుకుంటూ రెండుసార్లు తప్పు వాయిస్తాడు, గొణుక్కుంటూ ఒక బూతు మాట అంటాడు, మళ్ళీ మొదలుపెడతాడు. దాన్ని కోసేయకుండా అలాగే ఉంచారు. పాట మెత్తనే, మనిషి మెత్తబడలేదు. నాకైతే ఈ పాట ప్రాణం ఆ గొణుగుడులోనే ఉంది.

ఇక మాట సంగతి. ఇంగ్లీషులో ‘రిడెన్స్’ ఒంటరిగా దాదాపు కనిపించదు, ‘గుడ్’ పక్కనే బతుకుతోంది. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ ఈ జంట ఉంది. మన ‘విరగడ’ కూడా అంతే కదా! పీడ విరగడైంది, శని విరగడైంది, బాధ విరగడైంది అంటాం. ఇలాంటి మాటల తోడు లేకుండా ‘విరగడ’ని ఈరోజుల్లో ఎవరూ వాడగా వినలేదు. కాబట్టి పేరు వరకు ‘పీడా విరగడ’ సరిగ్గా అతుకుతుంది. మెత్తగా ఉంటుందని ‘వీడ్కోలు’ అని పెడితే మాత్రం పాటకి అన్యాయం చేసినట్టే.

అసలు కష్టం పల్లవిలోని ‘ఐ హోప్ యూ హ్యాడ్ ద టైమ్ ఆఫ్ యువర్ లైఫ్’తో. ‘నీ జీవితంలోకెల్లా మంచి కాలం గడిపావని ఆశిస్తున్నాను’ అని రాస్తే ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది. నేనైతే ఇలా అంటాను: ‘బాగానే గడిచి ఉంటుందిలే నీకు.’ చివరి ‘లే’ చూడండి. ‘పోనీలే’లో ఓదార్పు ఉంది, ‘నీకేంలే’లో ఎత్తిపొడుపు ఉంది. పాటలో రెండూ కలిసే ఉన్నాయి. దీవిస్తున్నాడా, దెప్పుతున్నాడా అని వినేవాళ్ళు తేల్చుకోలేరు. అందుకే కోపంతో రాసిన పాట వీడ్కోలు సభల్లో ఇన్నేళ్ళుగా చెల్లుబాటవుతోంది. 1998లో అమెరికాలో ‘సైన్‌ఫెల్డ్’ సీరియల్ ముగింపుకి ముందు పాత సన్నివేశాలు కూర్చి చూపించినప్పుడూ ఇదే వేశారు.

మరో సభ్యుడు: ‘పీడా విరగడ’ మరీ మొరటు కదండీ. ‘పోతే పో’ అంటే?

జవాబు: బాగుందండి, ముఖం మీద అనడానికి అదే పనికొస్తుంది. ‘పీడా విరగడైంది’ అని మనిషి గుమ్మం దాటాకే అంటాం, పక్కవాళ్ళతో అంటాం. ఆమె ఈక్వడార్ వెళ్ళిపోయాక పెట్టిన పేరు కాబట్టి నా ఓటు ఇంకా ‘విరగడ’కే. పల్లవిని ఎవరైనా పాడుకునేలా తెలుగు చేస్తే మాత్రం ‘పోతే పో’ని ఎక్కడో ఒకచోట దూర్చండి, లయకి భలే ఒదుగుతుంది.

ఇంకో సభ్యురాలు: వాళ్ళదే ‘వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్’కి ‘సెప్టెంబరు ముగిసినప్పుడు నన్ను మేల్కొల్పండి’ అని ఒకచోట చూశాను. ఏదోలా ఉంది.

జవాబు: ఏదోలా ఉండటం కాదమ్మా, ఎవరితో అంటున్నాడో మర్చిపోయి రాశారు. బిల్లీ జో తండ్రి 1982 సెప్టెంబరులో క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి ఇతనికి పదేళ్ళు. అంత్యక్రియల రోజు ఇంటికి పరిగెత్తి గదిలో తలుపేసుకున్నాడని, తల్లి వచ్చి తలుపు కొడితే లోపలినుంచి ఈ మాటే అన్నాడని చెబుతారు. 2004 నాటి ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్‌లో పాటగా వచ్చింది. పదేళ్ళ పిల్లాడు అమ్మని ‘మేల్కొల్పండి’ అంటాడా? ‘ముగియడం’ సభలకీ పరీక్షలకీ బాగుంటుంది. నెలలకైతే మనకి ‘వెళ్ళడం’ ఉంది: ఆషాఢం వెళ్ళాక, పుష్యం వెళ్ళాక అంటాం. ‘సెప్టెంబరు వెళ్ళాక లేపమ్మా’ అనండి, చాలు. ‘నన్ను’ కూడా అక్కర్లేదు.