లాబీ డబ్బు గురించి అడిగితే యూదు ద్వేషం అయిపోతుందా?

అమెరికా రాజకీయాలు దగ్గరగా చూసేవాళ్ళు కాస్త చెప్పండి.

2024లో న్యూయార్క్ 16వ నియోజకవర్గం డెమోక్రటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఇజ్రాయెల్‌ని విమర్శించే అప్పటి కాంగ్రెస్ సభ్యుడు జమాల్ బోమన్‌ను ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల లాబీ ఏఐపాక్‌కి చెందిన సూపర్ ప్యాక్ (ఎన్నికల ప్రచారానికి పరిమితి లేకుండా ఖర్చు పెట్టగల సంస్థ) 1.4 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించింది. విచిత్రం ఏంటంటే, ఆ ప్రకటనల్లో ఇజ్రాయెల్ ఊసు పెద్దగా లేదు. బైడెన్ మౌలిక వసతుల బిల్లుకి ఆయన అడ్డం తిరిగాడన్నదే గోలంతా. తుపాకుల లాబీని, మందుల కంపెనీల లాబీని అడిగినట్టే దీన్నీ అడగాలి కదా?

కానీ ఈ మాట ఎత్తగానే మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "అంతా యూదుల డబ్బే నడిపిస్తోంది" అని పెట్టాడు. ఒళ్ళు మండింది. ఏఐపాక్‌ని తిట్టే యూదులు అమెరికాలో బోలెడుమంది. ఆయన మాత్రం వందేళ్ళ నాటి పాత విషాన్నే మళ్ళీ కక్కాడు.

ఇంతకీ గీత ఎక్కడ గీయాలి? యాంటీ జయోనిజం, అంటే యూదు దేశం కావాలన్న ఉద్యమాన్ని వ్యతిరేకించడం, యూదు ద్వేషమేనని 2023 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ తీర్మానించింది. ఆ సభలోనే ఉన్న, యూదుడైన డెమోక్రాట్ జెర్రీ నాడ్లరే దానికి మద్దతివ్వలేదు. యూదు ద్వేషం అంటే ఏంటో చెప్పే ఐహెచ్ఆర్ఏ (ఇంటర్నేషనల్ హోలోకాస్ట్ రిమెంబరెన్స్ అలయన్స్) నిర్వచనం రాసిన వాళ్ళలో ముఖ్యుడు కెనెత్ స్టెర్న్ కూడా దాన్ని క్యాంపస్‌లలో మాటల్ని కట్టడి చేయడానికి వాడొద్దంటాడు. దానికి పోటీగా వచ్చిన 2021 నాటి నిర్వచనం, జెరూసలేం డిక్లరేషన్, ఇంకోలా చెబుతుంది: జయోనిజాన్ని వ్యతిరేకించడమే యూదు ద్వేషం కాదని.

ఫిర్యాదు వస్తే యూనివర్సిటీలు నిజానికి వీటిలో దేన్ని చూస్తాయి? మా చెల్లెలు అక్కడ ఎఫ్-1 వీసా మీద చదువుతోంది, అందుకే ఈ టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెబితే మేలు. తిట్లు మాత్రం వద్దండీ.