రికెట్స్ గ్లెన్ జలపాతాల దారి: ఏ లోయలో దిగాలి, ఏ లోయలో ఎక్కాలి?

అందరికీ నమస్కారం. అక్టోబరు మధ్యలో పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కుకు వెళ్తున్నాం. 60 దాటిన పెద్దవాళ్లు ఇద్దరున్నారు. మొత్తం 7.2 మైళ్లు వద్దు, లేక్ రోజ్ పార్కింగ్ దగ్గర మొదలయ్యే 3.2 మైళ్ల చుట్టు చాలనుకున్నాం. 18 జలపాతాలు అందులోనే వస్తాయి.

తేలనిది ఒక్కటే. గనోగా లోయలో దిగి గ్లెన్ లీ లోయ మీదుగా ఎక్కాలా, తిరగేసి వెళ్లాలా? రాతిమెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. తుంపరకు తడిసి ఉంటాయి, పైన రాలిన ఆకులు పరుచుకుంటే మెట్టు అంచు ఎక్కడుందో కనపడదు. జారేది ఎక్కువగా దిగేటప్పుడే, మోకాళ్ల మీద భారమూ అప్పుడే. అందుకే వాలు తక్కువున్న లోయలో దిగి, నిటారుగా ఉన్నది ఎక్కడం మేలని నా ఆలోచన. రెండింట్లో ఏది నిటారు? 94 అడుగుల గనోగా జలపాతం పక్క మెట్లు ఆ నెలలో ఎలా ఉంటాయి?

చేతికర్రలకు రబ్బరు తొడుగు ఉంచాలా? తడి రాయి మీద రబ్బరే పట్టు, బురదలో మాత్రం ఇనుప మొన దిగాలి.

మెట్లు వద్దనేవాళ్లకు 118 రోడ్డు పక్కన ఆడమ్స్ జలపాతం, ఎవర్‌గ్రీన్ దారిలోని పాత హెమ్లాక్ చెట్లు సరిపోతాయా? ఈమధ్య నడిచినవాళ్లు దయచేసి చెప్పండి.